ఏ రికార్డులోనూ లేని వడదెబ్బ: ఒక మండలం, రెండు వేసవులు

ఊరి పేరు రాయడం లేదు, మండలం పేరూ రాయడం లేదు. గోదావరి పరీవాహకంలో, తెలంగాణ వైపు, మే నెలలో 44 డిగ్రీలంటే జనం పెద్దగా ఆశ్చర్యపోని ప్రాంతం అనుకుంటే చాలు. వయసులు, చుట్టరికాలు, ఒకట్రెండు సంఘటనల వరుస మార్చాను. అప్పట్లో నేను జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికకు సాంకేతిక సాయం చేసే ముగ్గురు మనుషుల బృందంలో ఉన్నాను. నా చదువు ప్రజారోగ్యం. ఉపాధి హామీ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) ఎలా నడుస్తుందో, సిమెంటు రేకుల కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు తెలిసింది చాలా తక్కువ. ఈ కేసులో మేం చేసిన తప్పుల్లో సగం అక్కడినుంచే వచ్చాయి.

నాలుగు పేజీలు

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక సంస్థ, దానికొక ప్రణాళిక ఉండాలి. మా జిల్లాకూ ఉంది. అందులో వరదకు నలభై పేజీల పైనే, వడగాలికి నాలుగు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటడం అందరి కళ్లలోనూ ఉంది కాబట్టి వరద పేజీలు పెరగడంలో వింత లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారన్నది మాత్రం ఎవరికీ అంతగా గుర్తు లేదు. వరద ఫొటోకు దొరుకుతుంది, ఎండ దొరకదు.

ఆ నాలుగు పేజీల మూలం అహ్మదాబాద్‌లో ఉంది. 2010 మేలో అక్కడ మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ జరిగాయని లెక్క తేలింది. 2013లో ఆ నగరం దేశంలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వచ్చాక అదే నమూనా జిల్లాలకూ దిగింది. మంచి ప్రణాళికే, కానీ నగరం కోసం పుట్టింది. పార్కులు మధ్యాహ్నం తెరిచి ఉంచాలని మా నాలుగు పేజీల్లోనూ ఒక వాక్యం ఉంది. మా మండలంలో పార్కే లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి వాడటానికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా ఒకటుంది. తుపాను, కరువు, వరద, వడగళ్లు, చీడపీడలు, చివరికి చలిగాలి కూడా అందులో ఉన్నాయి. మేం పనిచేసిన రెండు వేసవుల్లోనూ వడగాలి లేదు. రాష్ట్రం తనంతట తాను స్థానిక విపత్తుగా ప్రకటించుకుంటే ఆ నిధిలో పది శాతం లోపు వాడుకోవచ్చు. తెలంగాణ ఆ ప్రకటన చేసింది 2025 ఏప్రిల్‌లో. అంటే 2023లో మా నాలుగు పేజీలకంటూ విడిగా రూపాయి లేదు. ఏ శాఖ పని ఆ శాఖ డబ్బుతోనే చేయించాలి.

ఆ రోజు

2023 మే రెండో వారం. అరవై దాటిన ఒక అవ్వ ఉదయం ఆరున్నరకు ఇంట్లోంచి బయల్దేరింది. ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో గుట్ట కింద కందకాలు తవ్వే పని. గట్టి మొరం నేల, చుట్టుపక్కల చెట్టు లేదు. ఊళ్లో ఉపాధి పనులు చూసే, హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్‌కు ఆ రోజు రెండు చోట్ల మస్టర్ ఉంది. పైగా గుట్ట కింద సిగ్నల్ దొరకదు. హాజరు ఫొటో ఎనిమిదిన్నరకు ఎక్కింది. ఆ ఏడాది జనవరి ఒకటి నుంచి అన్ని సామూహిక పనులకూ ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే ఫొటో హాజరు యాప్ తప్పనిసరి అయింది. అప్పటి నిబంధన ప్రకారం మొదటి ఫొటోకూ రెండో ఫొటోకూ నడుమ నాలుగు గంటలు ఉండాలి. అంటే పన్నెండున్నర దాకా కూలీలు అక్కడే ఉండాలి.

ఆమె ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రెండు ముద్దలు తిని, రేకుల కింద ఫ్యాను వేసుకుని పడుకుంది. సాయంత్రం ఐదింటికి కోడలు వచ్చి చూస్తే అవ్వ ఎప్పుడో పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడు. రాత్రి తొమ్మిదింటికి ప్రాణం పోయింది. మర్నాడు పొద్దున్నే దహనం.

మండల కేంద్రంలోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఆ రోజు 44కు కాస్త పైన చూపించింది. వాతావరణ శాఖ కొలమానం ప్రకారం మైదానంలో 40 డిగ్రీలు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాలి. లేదా నేరుగా 45 చేరాలి. మే నెల మామూలే 42 దగ్గర ఉండే చోట మొదటి షరతు దాదాపు పనికిరాదు, ఎందుకంటే 46.5 కంటే ముందే 45 వచ్చేస్తుంది. కాబట్టి 44 డిగ్రీల రోజున మా దగ్గర సాంకేతికంగా వడగాలి లేదు.

మూడు ఆఫీసులు

ఈ చావు గురించి నాకు చెప్పింది ఆశా కార్యకర్త, అదీ వేరే పని మీద వెళ్తే మాటల్లో. నెలవారీ నివేదికలో ఆ మండలం నుంచి వడదెబ్బ మరణాలు సున్నా అని ఉంది. ఎవరో దాచారనే అనుమానంతోనే నేను బయల్దేరాను.

ఎవరూ దాచలేదు. ఉపాధి హామీ వాళ్లు పని స్థలంలో ఎవరికీ ఏమీ కాలేదన్నారు, అది నిజం. ఆరోగ్య కేంద్రం వాళ్లు ఆమెను తమ దగ్గరకు తీసుకురాలేదన్నారు, అదీ నిజం. రెవెన్యూ వాళ్లు దరఖాస్తు రాలేదన్నారు. వడదెబ్బ మరణాన్ని తేల్చాల్సింది తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసిన త్రిసభ్య కమిటీ. దహనం అయిపోయాక, పోస్టుమార్టం లేకుండా ఆ కమిటీ ఏం చూసి తేలుస్తుంది? ఆమెను ఎండ ముందు గుట్ట కింద పట్టింది, దారిలో పట్టింది, రేకుల కింద పట్టింది. ఏ ఒక్క చోటా ప్రాణం తీసేంత పట్టలేదు. ప్రతి శాఖా తన చోటు మాత్రమే చూసుకుంది.

ఇంటివాళ్లు కూడా వడదెబ్బ అనుకోలేదు. కొడుకు నాతో అన్న మాట ఇది: "మా అవ్వకు ఎండ కొత్తనా సారూ? పుట్టినకాడినుంచి ఎండలనే ఉన్నది. గుండె ఆగింది, గంతే."

ఆ "కొత్తనా" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మళ్లీ అడిగితే తెలిసింది, బిడ్డ కాన్పు కోసం ఆమె మూడు వారాలు పట్నంలో ఉండి వచ్చింది. పనిలో చేరి అది నాలుగో రోజు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటయ్యాక చెమట తొందరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. నీడపట్టున కొన్ని వారాలుంటే ఈ అలవాటు వదిలిపోతుంది. అరవై ఏళ్లు ఎండలో బతికిన మనిషి కూడా మూడు వారాల తర్వాత ఎండకు కొత్త మనిషే. పైగా ఆమె రోజూ వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీటిని బయటకు పంపే రకం. ఇక ఫ్యాను సంగతి. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది అంతకంటే బాగా వేడెక్కి, ఒంట్లో చెమట కూడా ఎండిపోయాక ఫ్యాను చేసేది వేడిగాలిని ఒంటిమీదికి తోయడమే.

కేసును ఇక్కడ ఎలా తిప్పాలన్నది మాకు మొదటి నిర్ణయం. ఈ ఒక్క మరణాన్ని వడదెబ్బగా నమోదు చేయించడానికి పోరాడటం ఒక దారి. అప్పట్లో ఆపద్బంధు అనే సాయం పథకం కింద వచ్చేది యాభై వేలు. అస్థికలు కలిపేసిన ఇంటికి వెళ్లి, రుజువులు తెండని తిప్పి, చివరికి కమిటీ కాదంటే వాళ్ల దగ్గర మిగిలేది అలసట. నేను ఆ దారి వద్దన్నాను. బృందంలో మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు, ఒకరు ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ మాటలో న్యాయం ఉందని నాకూ తెలుసు. ఆ రోజును గంట గంటకూ రాసుకుని, ఏ గంటను ఏ శాఖ మార్చగలదో చూద్దామన్నది నా వాదన. అదే నెగ్గింది.

అప్పటికే చేసినవి

నిజానికి ఆ ఏప్రిల్‌లోనే మేం చాలా చేశామనుకున్నాం. మండల కేంద్రంలో, మూడు పెద్ద ఊళ్లలో చలివేంద్రాలు పెట్టించాం. ఓఆర్‌ఎస్ పొట్లాలు పంచాం. దండోరా వేయించాం. వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి పొద్దునా హెచ్చరిక పంపాం: పదకొండు నుంచి నాలుగు దాకా బయటకు రావద్దు.

చలివేంద్రం బస్సు దిగినవాళ్లకు పనికొచ్చింది. దాహం తీర్చడం మంచిదే, కానీ గుట్ట కింద కందకం తవ్వేవాళ్లకు అది రెండున్నర కిలోమీటర్ల దూరం. పని స్థలంలో నీడ, మంచినీళ్లు, మందుల పెట్టె ఉండాలని ఉపాధి హామీ నిబంధనల్లోనే ఉంది. టెంటు గుడ్డ మేటు (కూలీల గుంపు పెద్ద) ఇంట్లో మడిచి ఉంది, ఎందుకంటే మొరంలో గుంజలు దిగవు. నీళ్లు ఎవరివి వాళ్లు సీసాల్లో తెచ్చుకుంటున్నారు, పదింటికి అవి టీ నీళ్లలా కాగుతున్నాయి.

హెచ్చరిక సంగతి మరీ దారుణం. వరసగా నలభై రోజులు ఒకే మాట పంపితే అది హెచ్చరికగా మిగలదు. ఒక కూలీ నవ్వుతూ అంది, "పదకొండుకు బయట ఉండొద్దని మీరంటరు. పన్నెండున్నరకు ఫొటో దిగాలని గాళ్లంటరు. ఎవల మాట ఇనాలె?" నా దగ్గర సమాధానం లేదు. ఆమె మాటను అలాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిగతా కేసంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే అనుకోవచ్చు.

రెండో వేసవి: ఫొటో

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. వెనకే లోక్‌సభ ఎన్నికలు. ఎవరితో మాట్లాడాలన్నా ఎన్నికల శిక్షణలో ఉన్నారనేవాళ్లు. అయినా మార్చిలోనే కూర్చున్నాం, ఎండ వచ్చాక కూర్చుంటే లాభం లేదని కిందటేడు నేర్చుకున్నాం కాబట్టి.

మేం మొదట వేసిన ఎత్తు రెండు పూటల పని. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. కాగితం మీద అందంగా ఉంది. తొమ్మిది రోజులు నడిచి ఆగిపోయింది. కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. సాయంత్రం నాలుగంటే బర్రెలు, నీళ్లు, వంట. రెండున్నర కిలోమీటర్లు రోజుకు రెండుసార్లు నడవడమంటే ఎండలో తిరిగే సమయాన్ని మేమే పెంచినట్టు. నాలుగున్నరకు గాలి కాస్త చల్లబడినా, పగలంతా కాగిన మొరం కింది నుంచి కొడుతూనే ఉంటుంది. ఈ మూడూ ముందే అడిగితే చెప్పేవాళ్లు. మేం అడిగింది అధికారులను.

రెండో ప్రయత్నంలో ప్రశ్న మార్చాం. దేన్ని మార్చలేం? నాలుగు గంటల నిబంధనను మండల స్థాయిలో ఎవరూ మార్చలేరు. దేన్ని మార్చగలం? మొదటి ఫొటో ఎన్నింటికి దిగాలన్నది. ఆరుంబావుకు ఫొటో పడితే పదిన్నరలోపు రెండోది పడుతుంది, పదకొండుకల్లా మనిషి ఇంట్లో ఉంటాడు. మరి ఎనిమిదిన్నర ఎందుకు అవుతోంది? ఫీల్డ్ అసిస్టెంట్ బద్ధకం అనే జవాబు రెండు మూడు చోట్ల విన్నాం. అతనితో నాలుగు పొద్దులు తిరిగితే వేరే సంగతి తెలిసింది. ఫొటో ముందు తీసుకుని, సిగ్నల్ వచ్చినచోట తర్వాత ఎక్కించే వీలు యాప్‌లో ఉంది. అతను దాన్ని వాడడు. ఒకసారి అలా తీసిన హాజరు ఎక్కక ఒక గుంపు కూలి మొత్తం పోయింది, ఊళ్లో తిట్లు అతనికి పడ్డాయి. ఆ రోజునుంచి సిగ్నల్ చేతిలో లేకుండా ఫొటో తీయడు. అతని చోట నేనున్నా తీయను.

ఎంపీడీవో ఒక సమావేశంలో "ఏం కాదు, మేం చూసుకుంటాం" అన్నారు. మార్పు లేదు. నోటిమాట మీద ఎవరూ మూడు వందల రూపాయల కూలిని పందెం వేయరు. అప్పుడు ఒక మెమో రాయించాం: హాజరు ఎక్కకపోతే ఆ రోజే కారణం రాసి పంపాలి, చేతిరాత మస్టర్‌కు అనుమతి కోరుతూ మండలం అదే రోజు జిల్లాకు పంపుతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో అలాంటి అనుమతి ఇచ్చే వీలు నిబంధనల్లో అప్పటికే ఉంది. కొత్తగా మేం తెచ్చిందేమీ లేదు, ఉన్నదాన్ని ఒక సంతకం కిందికి తెచ్చాం, అంతే. మెమో వచ్చిన వారంలో ఫొటో ఏడులోపుకు జరిగింది. మే మొదటి వారానికి ఎక్కువ చోట్ల ఆరున్నర.

కానీ మనుషులు పదిన్నరకు వెళ్లలేదు! రెండో ఫొటో దిగాక కూడా పార పట్టుకునే ఉన్నారు. కొలతల కోసం. అప్పటి కూలి 300 అన్నది రోజుకు కాదు, తవ్విన మట్టికి. ఎండిన మొరంలో నాలుగు గంటల్లో ఆ కొలత రాదు. గతంలో ఎండాకాలం నేల గట్టిపడుతుందనే కొలతపై నెలనుబట్టి 20 నుంచి 30 శాతం వేసవి భత్యం కలిపేవారు. మేం చూసిన ఆ రెండు వేసవుల్లో ఈ మండలం కూలీలకు అది అందలేదు. భత్యం మా చేతిలో లేదు. పనుల వరుస మాత్రం మండలం చేతిలో ఉంది. పనుల జాబితా చూసే టెక్నికల్ అసిస్టెంట్‌తో కూర్చుని గట్టినేల పనులను వచ్చే ఏడాది జనవరి, ఫిబ్రవరిలకు నెట్టాం. ఏప్రిల్, మే నెలలకు చెరువు పూడికతీతలు పెట్టాం. పూడిక మెత్తన, కొలత తొందరగా వస్తుంది, కట్టమీద తుమ్మో చింతో ఏదో ఒక నీడ ఉంటుంది. ఊరికి దగ్గర కూడా. రెండు ఊళ్లలో అలాంటి చెరువు లేదు. అక్కడ ఆ వేసవి ఏమీ మారలేదు.

నీళ్ల విషయంలో జవాబు ఊళ్లోనే తిరుగుతోంది, మేమే చూడలేదు. ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్యాంకర్ ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి పది దాకా ట్యాంకర్ రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోస్తుంది. ఎండాకాలం మొక్కలు చస్తే పంచాయతీ కార్యదర్శికి నోటీసు వస్తుంది, కూలీకి నీళ్లు లేకపోతే రాదు. ఇది వ్యంగ్యం కాదు, అతను పనుల వరుస పెట్టుకున్న తర్కమే అది. మొక్కలను వదలమనలేదు. ముందు చెరువు దగ్గర రెండు డ్రమ్ములు నింపి, తర్వాత చెట్లకు వెళ్లమన్నాం. అరగంట తేడా. డీజిల్ ఖర్చు లెక్కలో కూడా పెద్దగా కనబడలేదు.

ఇల్లు

పని స్థలం మీదే ఇంతసేపు రాశాను, ఎందుకంటే అక్కడే ఏదో సాధించాం. ఇంటి దగ్గర సాధించింది తక్కువ.

ఐదు ఇళ్లలో మామూలు గది థర్మామీటర్లు వేలాడదీశాం. మధ్యాహ్నం రేకుల ఇంటి వేడి ఊహించిందే. రాత్రి తొమ్మిదింటికి కూడా లోపల బయటకంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండటం నాకు కొత్త. పగలు తిన్న ఎండను రాత్రి దించుకునే వీలు ఆ ఇంట్లో ఒంటికి దొరకదు. తెలంగాణకు 2023 ఏప్రిల్ నుంచి కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) విధానం ఉంది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్నవాటికి ఐచ్ఛికం. మా జాబితాలోని ఇళ్లు అరవై గజాలు ఉంటే ఎక్కువ.

రేకులపై వరిగడ్డి పరిపించాం. మూడో రోజుకు కోతులు పీకి పారేశాయి, ఒక ఇంట్లో రేకు కూడా పగిలింది. దాని డబ్బులు మేం ముగ్గురం వేసుకుని ఇచ్చాం. సున్నం పూయించడం కొంత మెరుగు. సిమెంటు రేకులపై ఒక వేసవి నిలబడింది, ఇనుప రేకులపై మొదటి అకాల వానకే కారిపోయింది. రైతు వేదికను మధ్యాహ్నం చల్లని చోటుగా తెరిపించాం, ఫ్యాన్లు, కుండల్లో నీళ్లు పెట్టించాం. వారంలో వచ్చింది నలుగురు, అందులో ఇద్దరు పేకాటకు. ముసలివాళ్లు అంత దూరం రారు. ఇల్లు వదిలి పోవాలంటే మేకల భయం, దొంగల భయం, నామోషీ.

చివరికి మిగిలింది ఆశా కార్యకర్త చేసిన పని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు, తాగుడున్నవాళ్లు, రెండు వారాల లోపు వేరే చోటినుంచి వచ్చి పనిలో చేరినవాళ్లు: ఊరికి ఒక పేజీ జాబితా. ప్రతి పేరు పక్కన మధ్యాహ్నం ఎవరి స్లాబు ఇంటి వసారాలోకో, ఏ వేపచెట్టు కిందికో పోవాలన్నది, సాయంత్రం ఐదింటికి ఎవరు పలకరించాలన్నది. ఇది కులం గీత దాటని చోట బాగా నడిచింది. దాటాల్సి వచ్చిన చోట నడవలేదు. ఎస్సీ కాలనీలో వరసంతా రేకులే, పోవడానికి పక్కింటి స్లాబు లేదు. అక్కడ కమ్యూనిటీ హాలు తాళంచెవి కాలనీలోనే ఒకామె చేతికి ఇప్పించాం, ఆమె తలుపు తీసిన రోజుల్లో జనం వచ్చారు. ఈ పనికి ఆశాలకు అదనంగా దక్కింది ఏమీ లేదు. అది నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పది జాగ్రత్తల కరపత్రం మానేసి ఒక్క మాటే చెప్పాలన్నది ఇంకో నిర్ణయం. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు తడబడటమే వడదెబ్బ. ఊళ్లో థర్మామీటర్ దొరకదు, కానీ మాట తడబడటం ఎవరికైనా తెలుస్తుంది. అందుకని: మాట తడబడితే ముందు తడపండి, తర్వాత 108. స్పృహ లేని మనిషికి నోట్లో నీళ్లు పోయొద్దు, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరండి. ఈ మాట ఆర్‌ఎంపీలకూ చెప్పాలని నేను పట్టుబట్టాను. అర్హత లేనివాళ్లను శిక్షణకు పిలిస్తే వాళ్లకు గుర్తింపు ఇచ్చినట్టవుతుందని ఆరోగ్య శాఖలో అభ్యంతరం వచ్చింది. సరైన అభ్యంతరమే. కానీ ఆ అవ్వ దగ్గరకు మొదట వచ్చింది ఆర్‌ఎంపీ, రేపు ఇంకొకరి దగ్గరకు వచ్చేదీ అతనే. శిక్షణ అనకుండా చెట్టు కింద అరగంట మాట్లాడి వచ్చాం.

మే 13 పోలింగ్‌కు ఊరొచ్చిన ఒకతను, పట్నంలో లోపలి పని చేసేవాడు, నాలుగు రోజులు ఉపాధి పనికి పోదామని చేరాడు. మూడో రోజు పదిగంటల లోపే చెరువులో కూలిపోయి ఏదేదో మాట్లాడాడు. మేటు, నలుగురు ఆడవాళ్లు కలిసి డ్రమ్ము అతని మీద గుమ్మరించి, కొంగులతో విసిరారు. 108 వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. బతికాడు. అతని పేరు ఆశా జాబితాలో ఉందా అని చూశాను. లేదు. మూడు రోజుల కిందట వచ్చినవాడి పేరు నెల కిందటి జాబితాలో ఎలా ఉంటుంది? అప్పటినుంచి కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం సగం కొలత, నీడ దగ్గర పని అని మేట్లకే చెప్పాం. గుంపులో మిగతావాళ్లు ఒప్పుకుంటేనే అది నడుస్తుంది, ఎందుకంటే ఆ సగం వాళ్లే తవ్వాలి. కొన్ని గుంపులు ఒప్పుకున్నాయి.

లెక్క పెరిగింది

2023లో ఆ మండలం వడదెబ్బ మరణాలు సున్నా. 2024లో రెండు. సమీక్షలో ఒక అధికారి నన్ను సూటిగానే అడిగారు, మీరు పనిచేశాక చావులు పెరిగాయేంటని.

పెరగలేదు, లెక్కకు వచ్చాయి. అవ్వ చనిపోయిన తర్వాత మేం ఒక పేజీ ఫారం చేసుకున్నాం: ఎన్నింటికి ఎక్కడ ఉన్నారు, ఎంత నడిచారు, ఎన్ని రోజులుగా పనిలో ఉన్నారు, మాట ఎప్పుడు తడబడింది, ఒళ్లు ముట్టుకుంటే ఎలా ఉంది, ఏ మందులు వాడేవారు. ఆశా అదే రోజు నింపి వైద్యాధికారికి ఇస్తుంది. పోస్టుమార్టానికి ఇది బదులు కాదు. కానీ ఇంటివాళ్లు దహనానికి తొందరపడేలోపు డాక్టరు వెళ్లి చూడాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. ఆ రెండు మరణాల్లోనూ డాక్టరు వెళ్లారు, కమిటీ ఒప్పుకుంది. ఇద్దరూ రేకుల ఇళ్లలో, రాత్రిపూట పోయినవాళ్లే. మా పని అంతవరకు చేరలేదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. మేం ఎంతమందిని కాపాడామో చెప్పమంటే నేను చెప్పలేను. ఒక మండలం, రెండు వేసవులు, అందులో ఏది వేడి ఎక్కువో కూడా వేరు. ఎక్కువ చోట్ల రెండో ఫొటో వేళ పన్నెండున్నర నుంచి పదిన్నరకు జరిగిందన్నది మాత్రం మస్టర్ ఫొటోల సమయాల్లో ఉంది.

2025 ఏప్రిల్ ఉత్తర్వుతో వడదెబ్బ పరిహారం నాలుగు లక్షలైంది. ఇప్పుడు ఇంటివాళ్లే వచ్చి అడుగుతున్నారు, ఫారం నింపించమని ఆశాల ఇళ్లకు వస్తున్నారు. మంచిదే. దాంతోపాటు డాక్టర్ల మీద ఒత్తిడీ పెరిగింది, ప్రతి ఎండాకాలపు మరణం వడదెబ్బేనని రాయమంటున్నారు. అదే రోజు నింపిన పేజీ ఉంటే డాక్టరుకు అది ఆసరా. వారం తర్వాత నింపితే ఎవరికీ కాదు.

మళ్లీ చేయాల్సి వస్తే ఏప్రిల్‌లో చలివేంద్రం రిబ్బను దగ్గర కాకుండా, జనవరిలో టెక్నికల్ అసిస్టెంట్ పనుల జాబితా దగ్గర మొదలుపెడతాను. ఒక రోజంతా ఒక కూలీ వెంట తిరగకుండా ప్రణాళికలో ఒక్క వాక్యం రాయను. రేకుల ఇంటి విషయంలో సున్నం డబ్బాలతో తిరిగే బదులు, ఇంటి పథకాల జాబితాలో ఒంటరి ముసలివాళ్లను ముందుకు జరపమని మొదటే అడిగేవాణ్ణి. అది మా శాఖ పని కాదనుకున్నాను. మూడు ఆఫీసుల్లో నేను విన్న మాట కూడా అదే.

నేను ఆ జిల్లా వదిలాక మార్చిలో ఒకసారి ఆ ఫీల్డ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు. ఎంపీడీవో మారారట, మెమో కాపీ ఉంటే పంపమన్నాడు. పంపాను. పెట్టేసేముందు ఇంకో మాట అన్నాడు: "ట్రాక్టర్ డ్రైవర్ గూడ మారిండు సార్. మల్ల ముందుగాల చెట్లకే పోతుండు."